పుర్రెలో చోటు కోసం

పోస్ట్ కొంచెం పెద్దది. తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి, కానీ చదవండి.

మా ఊళ్లో పెద్దోళ్లు ఒక మాట అంటారు. కడుపు కోస్తే మనిషి లేచి వస్తాడు, తల కోస్తే రాడు అని. ఈ మాట వల్ల తలకి దెబ్బ తగిలినోళ్లని ఆసుపత్రి నుంచి వెనక్కి తెచ్చేసిన ఇళ్లు ఉన్నాయి. మీ ఊళ్లోనూ ఉండే ఉంటాయి. ఆ మాట ఎంతవరకు నిజం, ఎంతవరకు కాదు అన్నది నాకు తెలిసినంతలో రాస్తున్నా.

నేను అనస్థీషియా టెక్నాలజీ చదువుతున్నా. ఇంటికెళ్తే "మత్తు డాక్టరు చదువా?" అని అడుగుతారు. కాదు. మత్తు డాక్టరు పక్కన నిలబడి మిషను, ట్యూబులు, మందులు, మానిటరు సిద్ధంగా ఉంచే పని. మా ఇంట్లో కాలేజీకి వచ్చింది నేనే మొదలు కాబట్టి ఆ తేడా చెప్పాల్సింది కూడా నేనే.

ముందు తల గురించి. మెదడు సుమారు 1400 గ్రాములు ఉంటుంది. దాని చుట్టూ నీళ్లలాంటి ద్రవం, లోపల తిరిగే రక్తం. పుర్రెలో చోటు లెక్కేస్తే సుమారు 80 శాతం మెదడు, 10 శాతం రక్తం, 10 శాతం ఆ ద్రవం. పెద్దవాళ్ల పుర్రె ఎముక సాగదు. లోపల ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గి తీరాలి. 1783లో అలెగ్జాండర్ మన్రో, 1824లో జార్జ్ కెల్లీ అనే స్కాట్లాండ్ డాక్టర్లు చెప్పిన లెక్క ఇది. ఇప్పటికీ థియేటర్లో నడిచేది ఈ లెక్క మీదే.

మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే బొంగు చికెన్ అనుకోండి. బొంగులో కూర కూరి, మూతికి ఆకు కుక్కి నిప్పుల మీద పెడతాం. లోపల ఆవిరి ఎక్కువైతే ఆకుని తోసుకుని బయటికి వస్తుంది. పుర్రెకి అలాంటి ఆకు లేదు. అడుగున మెడ వైపు ఒక పెద్ద కన్నం ఉంది, అంతే. లోపల ఒత్తిడి మరీ పెరిగితే మెదడే ఆ కన్నంలోకి జారుతుంది. ఊపిరిని, గుండెని నడిపే భాగం సరిగ్గా అక్కడే ఉంటుంది. అది నలిగితే ఊపిరి ఆగిపోతుంది. తల దెబ్బతో మనిషి పోయాడంటే చాలాసార్లు పోయింది దెబ్బ వల్ల కాదు, దెబ్బ తర్వాత లోపల పెరిగిన ఒత్తిడి వల్ల.

ఆ ఒత్తిడిని కూడా బీపీలాగే కొలుస్తారు. పడుకున్న పెద్ద మనిషికి 7 నుంచి 15 దాకా ఉండొచ్చు. 22 దాటితే తగ్గించే వైద్యం చేయాలని 2016లో వచ్చిన బ్రెయిన్ ట్రామా ఫౌండేషన్ మార్గదర్శకాలు చెప్తున్నాయి. ఇంకో చిన్న తీసివేత ఉంది. సగటు బీపీలోంచి పుర్రెలో ఒత్తిడి తీసేస్తే, మెదడుకి రక్తాన్ని తోసే బలం ఎంతో వస్తుంది. సగటు బీపీ 90, లోపల 15 అయితే మిగిలేది 75. లోపల 40 అయితే మిగిలేది 50. కనీసం 60 ఉండాలి. అంటే మనిషి బతికే ఉంటాడు, నాడి కొడుతూనే ఉంటుంది, మెదడుకి మాత్రం రక్తం సరిపోదు.

ఇప్పుడు మా చిన్నాన్న సంగతి.

చిన్నాన్న జీలుగు చెట్టు ఎక్కుతాడు. పోయినేడు ఒక రోజు పొద్దున్నే కల్లు దించడానికి ఎక్కి జారి పడ్డాడు. లేచి కూర్చున్నాడు, మంచినీళ్లు అడిగాడు, "ఏం కాలేదు" అన్నాడంట. అరగంటకి వాంతి. ఆ తర్వాత మాట ముద్దగా అయిపోయింది. మా ఊరికి బండి రాదు. నలుగురు డోలీ కట్టి రోడ్డు దాకా మోశారు. అక్కడి నుంచి పీహెచ్‌సీ.

పీహెచ్‌సీలో మనోళ్లంతా ఒకటే గోల, గ్లూకోజ్ ఎక్కించమని. అక్కడి సిస్టర్ ఎక్కించను అంది. "తల దెబ్బకి గ్లూకోజ్ పెట్టకూడదు, సెలైన్ పెడతా" అని వేరే బాటిల్ పెట్టింది. మనోళ్లు ఆమెని తిట్టారు కూడా. ఆమె చేసింది కరెక్టు. గ్లూకోజ్ నీళ్లలో చక్కెరని ఒళ్లు వాడేసుకుంటుంది, మిగిలిన ఉత్త నీళ్లు వాచిన మెదడులోకి దిగుతాయి, వాపు ఇంకా పెరుగుతుంది. మనం అన్ని బాటిళ్లనీ గ్లూకోజ్ అనే అంటాం, గ్లూకోజ్ అంటే బలం అనుకుంటాం. ఉప్పు నీళ్ల బాటిల్ వేరు, గ్లూకోజ్ వేరు. ఆక్సిజన్ పెట్టి, మెడ కదలకుండా రెండు వైపులా మడిచిన దుప్పట్లు పెట్టి, 108 ఎక్కించింది. రంపచోడవరం మీదుగా కిందికి తెచ్చారు.

నేను హాస్టల్ నుంచి క్యాజువాలిటీకి వెళ్లేసరికి సీటీ స్కాన్ అయిపోయింది. ఎడమ పక్క మెదడు పొర కింద రక్తం గడ్డకట్టింది, మెదడు వాచి మధ్య గీత దాటి పక్కకి జరిగింది. ఎడమ కన్ను పాప పెద్దదైంది, టార్చి వేస్తే ముడుచుకోవడం లేదు. చదువుకున్నవాడికి ఆ కన్ను చూస్తే చాలు.

సర్జన్ సార్ చెప్పింది ఇది. రక్తం గడ్డ తీస్తాం. మెదడు వాచి ఉంది కాబట్టి తీసిన ఎముకని వెంటనే తిరిగి పెట్టం. పొట్ట మీద చర్మం కింద దాస్తాం. వాపు పోయాక, కొన్ని నెలల తర్వాత తిరిగి తలకి పెడతాం. బతకొచ్చు, బతక్కపోవచ్చు. బతికినా కుడి చెయ్యి, మాట దెబ్బతినొచ్చు.

పుర్రె ఎముక పొట్టలో పెడతారన్న మాట వినగానే మా పెద్దకాపు లేచి నిలబడ్డాడు. "ఇది వైద్యం కాదు, మనిషిని ముక్కలు చెయ్యడం. ఇంటికి తీసుకుపోదాం" అన్నాడు. ఆయన చెడ్డోడు కాదు. అందరి తరఫున భయపడ్డాడు. చిన్నమ్మ నా వైపు చూసింది. "నువ్వు చదువుకున్నావు కదరా. చెప్పు. బతికితే, మనిషిలాగే బతుకుతాడా?"

నేను అవుతాడని చెప్పలేదు. తెలియని దానికి మాటివ్వడం మా క్లాసులో నేర్పలేదు. ఇలా చెప్పా: "చిన్నమ్మా, లోపల చోటు లేదు. ఎముక తీస్తే చోటు వస్తుంది. తియ్యకపోతే ఈ రాత్రి దాటడం కష్టం. తీస్తే బతికే దారి ఉంది. చెయ్యి పోవచ్చు. ఎముక పొట్టలో పెట్టేది అది చచ్చిపోకుండా, తన ఒంట్లోనే భద్రంగా ఉండాలని. మన విత్తనం మన గాదెలో దాచినట్టు." చిన్నమ్మ వేలిముద్ర వేసింది.

తర్వాత మూడు గంటలు థియేటర్ బయట బెంచీ మీద. మిగతావాళ్లకి అది మూసిన తలుపు. నాకు మాత్రం లోపల ఏ నిమిషానికి ఏం జరుగుతుందో కనిపిస్తూనే ఉంది, అంతకుముందే న్యూరో కేసుల్లో నిలబడ్డాను కాబట్టి. సర్జన్ కత్తి పట్టేలోపే సగం యుద్ధం మత్తు డాక్టరు చేస్తారు. అది బయట ఎవరికీ తెలియదు.

ముందు ట్యూబు వెయ్యాలి. గొంతులో ట్యూబు దిగేటప్పుడు దగ్గు వచ్చినా, ముక్కినా పుర్రెలో ఒత్తిడి ఒక్కసారిగా ఎగురుతుంది. అందుకే మత్తు బాగా దిగాకే, కండరాలు పూర్తిగా వదులయ్యాకే వేస్తారు. మత్తు మందుల్లో ప్రొపొఫాల్, థయోపెంటోన్ మెదడులో రక్తాన్ని తగ్గించి చోటు ఇస్తాయి. పీల్చే మత్తు గ్యాస్ ఎక్కువైతే రక్తనాళాలు వెడల్పై చోటు తగ్గుతుంది. అలాగని బీపీ పడిపోనివ్వకూడదు. పైన రాసిన తీసివేత గుర్తుంది కదా, పై అంకె పడినా మెదడుకి నష్టమే.

తర్వాత ట్యూబు కట్టడం. మామూలు కేసుల్లో మెడ చుట్టూ టేపు తిప్పి కడతాం. మెదడు కేసులో మెడకి ఏదీ బిగించి కట్టకూడదు, ప్లాస్టర్‌తో చెంపకి అంటిస్తాం. మెదడు నుంచి రక్తం కిందికి దిగే సిరలు మెడ రెండు పక్కలా ఉంటాయి. అవి నొక్కుకుంటే పై నుంచి రక్తం దిగదు, తల బరువెక్కుతుంది. మెడ పక్కకి మరీ తిప్పినా, గడ్డం ఛాతీకి ఆనినా అంతే. టేబుల్ తల వైపు 15 నుంచి 30 డిగ్రీలు లేపుతారు. రూపాయి ఖర్చు లేని వైద్యం ఇది.

తర్వాత ఊపిరి. నన్ను బాగా ఆశ్చర్యపరిచిన పాఠం ఇదే. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మెదడు రక్తనాళాలు వెడల్పవుతాయి, తగ్గితే ముడుచుకుంటాయి. దాని మామూలు అంకె 35 నుంచి 45. ఒక్క అంకె మారితే మెదడుకి వెళ్లే రక్తం మూడు నాలుగు శాతం మారుతుంది. అందుకే వెంటిలేటర్‌లో ఊపిరి లెక్క సర్ది 35 దగ్గర ఉంచుతారు. మెదడు మరీ బిగుసుకుపోతే కొద్దిసేపు 30 వైపు దించుతారు. అంతకన్నా దించితే నాళాలు మరీ ముడుచుకుని మెదడుకి రక్తమే అందదు. మానిటర్ మీద ఆ గీత చూస్తూ ఉండటం మా పనిలో భాగం. నిమిషానికి ఒక ఊపిరి ఎక్కువో తక్కువో ఇస్తే పుర్రె లోపల చోటు మారుతుంది.

తర్వాత మానిటాల్. మాగాయకి మామిడి ముక్కల మీద ఉప్పు చల్లితే నీళ్లు ఊరినట్టు, ఇది రక్తంలో ఉండి మెదడులోని నీటిని బయటికి లాగుతుంది. ఆ నీళ్లు మూత్రంలో పోతాయి, అందుకే ముందే మూత్రం గొట్టం వేస్తారు. 20 శాతం మానిటాల్ 100 ఎంఎల్ బాటిల్‌లో 20 గ్రాములు ఉంటుంది. కిలోకి అర గ్రాము లెక్కన 60 కిలోల మనిషికి 30 గ్రాములు, అంటే 150 ఎంఎల్, పావుగంట ఇరవై నిమిషాల్లో ఎక్కించాలి. చలికాలం ఈ బాటిల్‌లో పటిక పలుకుల్లా స్ఫటికాలు కడతాయి. వెలుతురుకి ఎత్తి చూసి, ఉంటే వేడి నీళ్లలో పెట్టి కరిగించి, చల్లారాకే వాడాలి. ఆ చూసే పని మాది. బెంచీ మీద కూర్చుని నేను అనుకున్నది అదే. లోపల ఉన్న సీనియర్ బాటిల్ వెలుతురుకి ఎత్తి చూసే ఉంటాడు.

ఎముక తీశాక సర్జన్ మెదడు పైపొర మీద వేలు పెట్టి చూస్తారు. "టైట్‌గా ఉంది" అంటే మత్తు డాక్టరు మళ్లీ మొదటి నుంచి అన్నీ చూస్తారు. తల ఎత్తు సరిగ్గా ఉందా, మెడ నొక్కుకుందా, కార్బన్ డయాక్సైడ్ ఎంత, మత్తు తేలుతుందా, మానిటాల్ పూర్తిగా వెళ్లిందా. "లాక్స్" అంటే వదులైందని. ఆ ఒక్క మాట కోసం ఇంత పని. అవసరమైతే సన్న గొట్టం వేసి మెదడు చుట్టూ ఉండే ద్రవాన్ని కూడా కొంత బయటికి తీస్తారు. మెదడు, రక్తం, ద్రవం, మూడింట్లో ఏది కొంచెం తగ్గినా చోటే.

చిన్నాన్న బతికాడు. పదకొండో రోజు కళ్లు తెరిచి చిన్నమ్మని గుర్తుపట్టాడు. మూడు నెలల తర్వాత ఎముక తిరిగి పెట్టారు. ఆ మూడు నెలలూ పిల్లలు ఆయన పొట్ట మీద గట్టిగా తగిలే చోట ముట్టుకుని చూసేవాళ్లు. "నా తలకాయ నా కడుపులోనే ఉంది, ఆకలేస్తే తింటా" అనేవాడు, మాట నెమ్మదిగా వచ్చినా. కుడి చేతి పట్టు పూర్తిగా రాలేదు. చెట్టు ఇంక ఎక్కడు. జీలుగు కల్లు మీద వచ్చే నాలుగు రూపాయలు పోయాయి, చిన్నమ్మ కూలికి ఎక్కువ వెళ్తోంది. ఇది కూడా రాయాలి. రాయకపోతే అబద్ధం చెప్పినట్టు.

చిన్నమ్మ అడిగిన ప్రశ్నకి పెద్ద పరిశోధన ఒకటి ఉంది. 2016లో వచ్చింది, పేరు రెస్క్యూ ఐసీపీ. తల దెబ్బలతో, మందులకి ఒత్తిడి తగ్గని 408 మంది మీద చేశారు. ఎముక తీసిన వాళ్లలో ఆరు నెలలకి చనిపోయింది 26.9 శాతం. మందులతోనే వైద్యం చేసిన వాళ్లలో 48.9 శాతం. అంటే వందలో ఇరవై మందికి పైగా ప్రాణాలు నిలిచాయి. కానీ స్పృహ లేకుండా మంచానికే ఉండిపోయిన వాళ్లు కూడా ఎముక తీసిన వైపే ఎక్కువ, 8.5 శాతం, అటు వైపు 2.1. కాబట్టి "తల కోస్తే రాడు" అనేది తప్పు. "తల కోస్తే పాత మనిషే తిరిగి వస్తాడు" అనేది కూడా ప్రతిసారీ నిజం కాదు. సంతకం పెట్టే ముందు మనోళ్లకి ఈ రెండూ చెప్పే మనిషి ఒకడు పక్కన ఉండాలి. మన భాషలో, మన యాసలో.

ఈ మధ్య ఊళ్లో ఇంకో ప్రశ్న వచ్చింది. "సినిమా చూపిస్తూ మత్తు లేకుండా మెదడు ఆపరేషన్ చేస్తారంట కదా, మీ చిన్నాన్నకి అలా ఎందుకు చెయ్యలేదు?" ఫోన్‌లో వీడియో చూశారు. అది నిజమే, మన దగ్గరే జరిగింది. 2024 సెప్టెంబర్‌లో కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో 55 ఏళ్ల ఆవిడకి ఎడమ వైపు మెదడులో గడ్డ, 3.3 సెంటీమీటర్లు, 2.7 సెంటీమీటర్లు. ఆవిడ మెలకువగా ఉండి జూనియర్ ఎన్టీఆర్ అదుర్స్ సినిమా కామెడీ చూస్తుంటే డాక్టర్లు సుమారు రెండున్నర గంటల్లో గడ్డ తీశారు. కార్పొరేట్ ఆసుపత్రి కాదు, మనలాంటోళ్లు వెళ్లే ప్రభుత్వాసుపత్రి.

మెలకువగా ఉంచేది మాట, కాలు చెయ్యి నడిపే చోటు దెబ్బతినకుండా, అడుగడుక్కీ మాట్లాడించి చూసుకోవడానికి. మెదడుకి నొప్పి తెలియదు, నొప్పంతా తల చర్మానిది, పొరది. అక్కడ తిమ్మిరి ఇంజెక్షన్లు ఇస్తారు. కానీ ఒత్తిడి లెక్కలో ఇది ఇంకా కష్టమైన పని. గొంతులో ట్యూబు లేదు, వెంటిలేటర్ లేదు, ఊపిరి మనిషిదే. మగత మందు కొంచెం ఎక్కువైతే ఊపిరి మందగిస్తుంది, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, మెదడు ఉబ్బుతుంది. తక్కువైతే భయపడి, ముక్కి, దగ్గి ఉబ్బుతుంది. ఆ రెండింటి మధ్య మనిషిని నెమ్మదిగా ఉంచడంలో సినిమా కూడా ఒక మందే అన్నమాట. చిన్నాన్నకి అలా కుదరదు. స్పృహ పోయిన మనిషి, వాచిన మెదడు. ముందు ఊపిరిని మన చేతిలోకి తీసుకోవాలి.

గడ్డకీ దెబ్బకీ ఇంకో తేడా ఉంది, ఊళ్లో పనికొచ్చేది. మెదడు గడ్డ చుట్టూ వాపుకి డెక్సా లాంటి స్టెరాయిడ్ పని చేస్తుంది. తల దెబ్బకి చెయ్యదు. 2004లో వచ్చిన క్రాష్ అనే పరిశోధనలో పదివేల మందికి పైగా తల దెబ్బ రోగుల్ని చూస్తే, స్టెరాయిడ్ ఇచ్చిన వాళ్లలో రెండు వారాల్లో చనిపోయింది 21.1 శాతం, ఇవ్వని వాళ్లలో 17.9. ఊళ్లో ఎవరైనా "వాపు తగ్గుతుంది" అని డెక్సా సూది వెయ్యబోతే వద్దనండి.

నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఒక్కటే. మెదడుకి చోటు ఇచ్చే పని థియేటర్లో మొదలవ్వదు, చెట్టు కింద మొదలవుతుంది. థియేటర్లో చేసేవాటిలో సగం మన డోలీలో కూడా చెయ్యొచ్చు. ఇవి గుర్తుపెట్టుకోండి.

ఒకటి. తల దెబ్బ తగిలినవాడు లేచి కూర్చుని మాట్లాడినా వదిలెయ్యొద్దు. వాంతులు, మగత, మాట ముద్దవడం, మూర్ఛ, ఒక కన్ను పాప పెద్దదవడం, తలనొప్పి పెరగడం, వీటిలో ఏ ఒక్కటున్నా కిందికి తీసుకెళ్లాల్సిందే. తాగి పడుకున్నాడులే అనుకోవద్దు.

రెండు. డోలీ గుడ్డలో మనిషి ఒంగిపోతాడు, గడ్డం ఛాతీకి ఆనుతుంది. ఊపిరీ అందదు, మెడ సిరలూ నొక్కుకుంటాయి. కింద వెదురు తడికో చెక్కో వేసి ఒళ్లు తిన్నగా ఉంచండి. కొండ దిగేటప్పుడు తల పై వైపు, కాళ్లు కింది వైపు. తల కింద దిండు వద్దు, మెడ విరిగి ఉండొచ్చు. మెడకి తువాలు, తాయెత్తు తాడు బిగుతుగా ఉంటే తీసెయ్యండి.

మూడు. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు, కల్లు, కాఫీ ఏదీ పొయ్యొద్దు. వాంతి అవుతుంటే తల, మెడ, నడుము కలిపి ఇద్దరు ముగ్గురు ఒకేసారి పక్కకి తిప్పండి.

నాలుగు. గ్లూకోజ్ పెట్టమని సిస్టర్‌తో గొడవ పడొద్దు. ఆక్సిజన్ ఉందా అని అడగండి.

ఐదు. దెబ్బ ఎన్ని గంటలకి తగిలింది, స్పృహ ఎప్పుడు పోయింది, ఎన్నిసార్లు వాంతి అయింది, ఎవరో ఒకరు ఫోన్‌లో రాసుకోండి. క్యాజువాలిటీలో ముందు అడిగేది అదే.

పీహెచ్‌సీ సిస్టర్‌కి పోయిన సంక్రాంతికి చిన్నమ్మ రెండు కొండచీపుళ్లు, చింతపండు పంపింది. తిట్టినోళ్లలో ఒకడే మోసుకెళ్లి ఇచ్చొచ్చాడు. ఆమె తీసుకుని, "ఈసారి డోలీలో చెక్క వేసుకురండి" అందంట. మా ఊళ్లో ఇప్పుడు బడి గోడకి ఆనించి ఒక చెక్క ఉంది. ఆరడుగులది, రెండు వైపులా తాళ్లు కట్టి. మీ ఊళ్లో కూడా ఒకటి చేయించండి.